ఒకేలాంటి ఫోటోలను పోల్చి పట్టుకోవడం: పర్సెప్చువల్ హాష్‌ను వాడే పద్ధతి

అనంతపురంలో మేము కొద్దిమంది మిత్రులం కలిసి ఉమ్మడి జిల్లాలోని గుళ్లు, కోటలు, శాసనాలు, వీరగల్లుల ఫోటోలను ఏళ్ల తరబడి పోగుచేస్తున్నాము. లేపాక్షి నంది, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయంలో అసంపూర్తిగా నిలిచిన గోపురాలు, పెనుకొండ గగన్ మహల్, గుత్తి కోట బురుజులు, ఇలా ఒక్కొక్క చోటికి వందల కొద్దీ ఫోటోలు చేరాయి. వాటిలో చాలా భాగం ఒకే ఫోటోకు ప్రతులు. ఒకరు కెమెరాతో తీసినది ఒకటి, దాన్నే వాట్సాప్‌లో పంపితే చిక్కిపోయి వచ్చినది మరొకటి, ఇంకొకరు కాస్త వెలుగు పెంచి దాచుకున్నది వేరొకటి, ఎవరో ఫోన్ తెరను స్క్రీన్‌షాట్ తీసి పంపినది ఇంకొకటి. సుమారు 6,000 ఫోటోలు పోగయ్యేసరికి ఏది అసలు, ఏది ప్రతి అని కళ్లతో చూసి విడదీయడం మా వల్ల కాలేదు. అప్పుడు పర్సెప్చువల్ హాష్ అనే పద్ధతిని నేర్చుకుని వాడాము. ఇలాంటి సేకరణ ఉన్న గ్రంథాలయాలకు, ఫోటో స్టూడియోలకు, చీరల వ్యాపారులకు, ఇంట్లో పెళ్లి ఫోటోలు సర్దుకునేవారికి పనికివస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

హాష్ అంటే ఒక ఫైలు నుంచి లెక్కగట్టి తీసిన చిన్న ఆనవాలు. కంప్యూటర్ పని తెలిసినవారికి ఎండీ5, షా-256 అనే హాష్‌లు పరిచయమే; మొదటిది 128 బిట్లు, రెండవది 256 బిట్లు ఉంటుంది (బిట్ అంటే 0 లేదా 1 అనే ఒక అంకె). ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ ఆనవాలులో దాదాపు సగం బిట్లు తారుమారయ్యేలా వాటిని ఉద్దేశపూర్వకంగానే కట్టారు. అందువల్ల ఒక ఫైలును ఎవరూ తాకలేదని నిర్ధారించుకోవడానికి అవి చక్కగా పనికివస్తాయి కానీ, వాట్సాప్ నలిపి పంపిన నంది ఫోటోను, కెమెరాలోని అసలు ఫోటోను పక్కపక్కన పెడితే ఈ హాష్‌లకు ఆ రెండింటిలో ఏ పోలికా కనిపించదు. పర్సెప్చువల్ హాష్ దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడుస్తుంది. ఫైలులో ఏ అంకెలున్నాయని కాకుండా, బొమ్మలో వెలుగు ఎక్కడుంది, నీడ ఎక్కడుంది అని చూసి ఆనవాలు కడుతుంది. బొమ్మ కొద్దిగా మారితే ఆనవాలు కూడా కొద్దిగానే మారుతుంది.

అయినా పనిని ఎండీ5తోనో షా-256తోనో మొదలుపెట్టాలి. అచ్చుగుద్దినట్లు ఒకటే అయిన ఫైళ్లను అవి ఏ సందేహమూ లేకుండా పట్టిస్తాయి, వాటిని పక్కన పెడితే మిగిలిన పని చాలా తేలికపడుతుంది. అంతకంటే ముందు సేకరణ మొత్తాన్ని వేరొక హార్డ్ డిస్కులోకి ఒకసారి కాపీ చేసుకోవాలి. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో కింద తెలుస్తుంది.

ఆనవాలు ఎలా పుడుతుంది

అన్నిటికంటే సులభంగా అర్థమయ్యేది తేడా హాష్. సాఫ్ట్‌వేర్‌లలో దీన్ని డీహాష్ అంటారు. ఫోటోను ముందుగా రంగులు లేని ఛాయాచిత్రంగా మార్చి, 9 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తుకు కుదించాలి. నంది కొమ్ము మొన, గంటల హారంలోని చెక్కడం వంటి నగిషీ అంతా అక్కడ పోయి, పెద్ద పెద్ద వెలుగునీడలు మాత్రం మిగులుతాయి. ఇప్పుడు ఒక్కొక్క వరుసలో ఎడమ నుంచి కుడికి నడుస్తూ, పక్క పిక్సెల్ ముందుదానికంటే వెలుగుగా ఉంటే 1, కాకపోతే 0 రాసుకోవాలి. తొమ్మిది పిక్సెళ్ల మధ్య ఎనిమిది పోలికలు వస్తాయి, ఎనిమిది వరుసలకు మొత్తం 64 బిట్లు వస్తాయి.

ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ఎడమవైపు ఆకాశం, నడుమ నంది మెడ, కుడివైపు మళ్లీ ఆకాశం ఉన్న వరుసలో పిక్సెళ్ల వెలుగు 214, 209, 196, 131, 118, 124, 119, 167, 203 అనుకుందాం. పోల్చుకుంటూ పోతే 00001011 వస్తుంది. ఇదే ఫోటో వాట్సాప్ ద్వారా వచ్చినప్పుడు ఆ అంకెలు 213, 209, 195, 132, 119, 123, 120, 166, 202 అయ్యాయనుకుంటే, అంకెలు దాదాపు అన్నీ మారినా పోలికలు మారలేదు కాబట్టి మళ్లీ 00001011 వస్తుంది. ఎవరైనా వెలుగు 20 మెట్లు పెంచి దాచుకున్నా అంతే, అన్నీ ఒకే మోతాదులో పెరుగుతాయి కనుక ఏది దేనికంటే పెద్దదన్న విషయం చెక్కుచెదరదు. ఈ పద్ధతి బలమంతా ఈ ఒక్క సంగతిలోనే ఉంది.

బలహీనత కూడా ఇదే వరుసలో చూడవచ్చు. మబ్బు లేని ఆకాశం మాత్రమే ఉన్న వరుసలో వెలుగు 201, 201, 200, 201, 202, 201, 201, 200, 201 అని ఉంటే 00110001 వస్తుంది. ఫైలు నలిగాక అది 201, 200, 201, 201, 201, 202, 201, 201, 200 అయిందంటే 01001000 వస్తుంది. కంటికి రెండూ ఒకే ఆకాశం, కానీ ఎనిమిదింటిలో ఐదు బిట్లు మారిపోయాయి. కాబట్టి ఖాళీ గోడలు, ఖాళీ ఆకాశం, చీకటి ఎక్కువగా ఉన్న ఫోటోల ఆనవాళ్లను నమ్మకూడదు. ఇలాంటి ఫోటోలను ముందే వేరు చేయడానికి, కుదించిన బొమ్మలో అన్నిటికంటే వెలుగైన పిక్సెల్‌కు, అన్నిటికంటే చీకటి పిక్సెల్‌కు మధ్య తేడా ఎంతో చూసి, అది మరీ తక్కువగా ఉన్నవాటిని ఒక ప్రత్యేక ఫోల్డర్‌లోకి పంపడం మేము అలవాటు చేసుకున్నాము.

సగటు హాష్ అనేది ఇంకొకటి ఉంది. ఫోటోను 8 బై 8కి కుదించి, 64 పిక్సెళ్ల సగటు వెలుగు తీసి, సగటుకు పైనున్నవాటికి 1, కిందున్నవాటికి 0 వేస్తుంది. చాలా వేగంగా పనిచేస్తుంది కానీ మా అనుభవంలో తప్పులు ఎక్కువ. నా పెద్ద పొరపాటు దీనితోనే జరిగింది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం వంటి ఘట్టాల చిత్రాలున్నాయి. వాటిని మా మిత్రులొకరు చాలా ఏళ్ల కిందట ఫ్లాష్ వేసి తీశారు. ఫ్లాష్ వేసినప్పుడు బొమ్మ నడుమ వెలుగుగా, నాలుగు మూలలా చీకటిగా పడుతుంది. 8 బై 8కి కుదించేసరికి ఏ ఘట్టమైనా నడుమ తెల్లని ముద్ద, చుట్టూ నలుపు అన్నట్లుగానే మిగిలింది. సగటు హాష్ వాటిలో చాలావాటిని ఒకటే ఫోటో అంది, నేను కూడా పరీక్షించకుండా ప్రతులను తుడిచివేసే ఆజ్ఞ ఇచ్చాను. ఆ మిత్రులు ఇప్పుడు లేరు, ఆ చిత్రాల రంగులు అప్పుడున్నట్లు ఇప్పుడు లేవు. మళ్లీ వెళ్లి తీసుకున్న ఫోటోలు వాటి లోటు తీర్చలేదు. అప్పటి నుంచి హాష్ చెప్పిన మాట మీద ఏ ఫోటోనూ తుడిచివేయడం లేదు. హాష్‌ను జల్లెడగానే వాడాలి, అది ఏరి ముందుంచిన జంటలను కన్నే తేల్చాలి.

మూడవది పీహాష్, కాస్త లోతైనది. ఫోటోను 32 బై 32కి కుదించి, దాని మీద డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే గణితక్రియ జరుపుతారు. ఈ క్రియను నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు 1974లో ప్రచురించారు. ఇది బొమ్మను నెమ్మదిగా మారే వెలుగులుగా, గబగబా మారే వెలుగులుగా విడగొడుతుంది. కొండ అంచు, గోపురం ఆకారం మొదటి తరగతికి చెందితే, రాతి గరుకుదనం, ఆకుల అల్లిక రెండవ తరగతికి చెందుతాయి. పీహాష్ నెమ్మదిగా మారే 8 బై 8 భాగాన్ని మాత్రమే తీసుకుని, ఆ 64 విలువల నడిమి విలువ కంటే పైనున్నవాటికి 1, కిందున్నవాటికి 0 వేస్తుంది. ఫోటోలను నలిపే జేపెగ్ పద్ధతి కూడా ఇదే గణితక్రియను వాడి, కంటికి అంతగా పట్టని గబగబా మారే వెలుగులనే ముందుగా తగ్గిస్తుంది. జేపెగ్ ఎక్కువగా కోత పెట్టే భాగాన్ని పీహాష్ చూడదు, అందుకే ఎన్నో చేతులు మారి నలిగిన ఫోటో కూడా చాలావరకు పీహాష్‌కు దొరికిపోతుంది.

ఈ మూడింటినీ చేతితో రాసుకోనవసరం లేదు. పైథాన్ భాషలో పిల్లో, ఇమేజ్‌హాష్ అనే రెండు ఉచిత లైబ్రరీలు ఉంటే చాలు, ఫోటోను తెరవడానికి ఒక వరుస, హాష్ తీయడానికి ఒక వరుస రాస్తే సరిపోతుంది. అయితే తెరిచిన వెంటనే ఒక పని మరువకూడదు. ఫోన్‌ను నిలువుగా పట్టి తీసినప్పుడు చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే దాచి, దాన్ని ఎటు తిప్పి చూపాలో ఫైలులోని ఎగ్జిఫ్ సమాచారంలో రాసిపెడతాయి. చూసే సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి తిప్పి చూపుతుంది కానీ, హాష్ తీసే ప్రోగ్రామ్ మనం చెప్పకపోతే తిప్పదు. ఆ సమాచారం రాలిపోయిన ప్రతితో పోల్చినప్పుడు ఒకటి పడుకున్న గోపురం, మరొకటి నిలబడిన గోపురం అయి, రెండూ వేర్వేరని తేలుతుంది. పిల్లోలో ఎగ్జిఫ్ ప్రకారం బొమ్మను తిప్పే సౌకర్యం ఉంది, దాన్ని హాష్‌కు ముందు తప్పక పిలవాలి.

దూరం, హద్దు

రెండు ఆనవాళ్లను పక్కపక్కన పెట్టి ఎన్ని బిట్లు వేరుగా ఉన్నాయో లెక్కపెడితే దాన్ని హ్యామింగ్ దూరం అంటారు. 1950లో తప్పులను పట్టే కోడ్‌ల మీద వ్యాసం రాసిన రిచర్డ్ హ్యామింగ్ పేరు మీద అది నిలిచింది. 64 బిట్ల ఆనవాళ్లలో దూరం 0 నుంచి 64 దాకా ఉండవచ్చు. ఏ సంబంధమూ లేకుండా, నాణెం ఎగరేసినట్లు పుట్టిన రెండు ఆనవాళ్ల మధ్య సగటున 32 తేడా ఉంటుంది, చాలావరకు 24కు, 40కి మధ్యనే పడుతుంది. నిజమైన ఫోటోలు నాణెం ఎగరేసినట్లు పుట్టవు. పైన ఆకాశం, కింద నేల ఉండడం అన్నిటికీ సామాన్యం కాబట్టి వేర్వేరు ఫోటోలు కూడా అనుకున్నదానికంటే దగ్గరగా వస్తాయి.

ఎంత దూరం లోపు ఉంటే ఒకే ఫోటో అనాలి? 10 దాటితే వేరే బొమ్మ అనే మాట బాగా వాడుకలో ఉంది. మొదలుపెట్టడానికి అది మంచిదే, కానీ దానితో ఆగిపోవద్దని నా గట్టి సలహా. మీ సేకరణ నుంచే తప్పకుండా ఒకటే అని మీకు తెలిసిన యాభై జంటలను, చూడ్డానికి దగ్గరగా ఉన్నా వేర్వేరని తెలిసిన యాభై జంటలను ఎంచి, రెండు గుంపుల దూరాలనూ కాగితం మీద రాసుకోండి. మా ఫోటోలలో డీహాష్ ప్రకారం నిజమైన ప్రతులు ఎక్కువగా 6 లోపే పడ్డాయి, వేర్వేరు ఫోటోలు ఎక్కువగా 18కి పైన పడ్డాయి, నడుమ ఉన్నవి కలగలిసిపోయాయి. అందుకని 6 లోపు ఉన్నవాటిని ప్రతులుగా భావించి పైపైన చూసుకుంటాము, 7 నుంచి 16 దాకా ఉన్నవాటిని పీహాష్‌తో మళ్లీ పోల్చి, అది కూడా దగ్గరగా ఉందంటేనే కంటికి అప్పగిస్తాము. మీ ఫోటోలు పెళ్లి ఫోటోలైతే, మందపాటి కాగితాల స్కాన్‌లైతే ఈ అంకెలు వేరుగా వస్తాయి.

పెద్ద సంస్థలు కూడా ఇదే పద్ధతిని మరింత గట్టి హాష్‌లతో వాడుతున్నాయి. పిల్లల మీద అత్యాచార చిత్రాలు మళ్లీ మళ్లీ ఎక్కించకుండా పట్టుకోవడానికి మైక్రోసాఫ్ట్, అప్పట్లో అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాలలో ఉన్న శాస్త్రవేత్త హనీ ఫరీద్ కలిసి 2009లో ఫోటోడీఎన్ఏను తయారుచేశారు. ఫేస్‌బుక్ 2019లో అందరికీ విడుదల చేసిన పీడీక్యూ హాష్‌లో 256 బిట్లుంటాయి. ఆపిల్ 2021 ఆగస్టులో అలాంటి చిత్రాలను పట్టుకోవడానికే న్యూరల్‌హాష్ అనే పద్ధతిని ప్రకటించినప్పుడు, అదే నెలలో కొందరు దాన్ని బయటికి తీసి, ఏ పోలికా లేని రెండు బొమ్మలకు ఒకే ఆనవాలు వచ్చేలా చేసి చూపారు. ఆపిల్ 2022 డిసెంబరులో ఆ ఆలోచనను మానుకుంది. ఆనవాలు కలిసినంత మాత్రాన ఒక మనిషి మీద నిర్ణయానికి రాకూడదనడానికి అంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేదు.

గొలుసు కట్టడం

6,000 ఫోటోలను ప్రతిదానినీ ప్రతిదానితో పోల్చాలంటే 1,79,97,000 జంటలు అవుతాయి. వినడానికి భయంగా ఉన్నా, 64 బిట్ల రెండు అంకెలలో తేడా బిట్లు లెక్కపెట్టడం కంప్యూటర్‌కు చిటికెలో పని కనుక మామూలు ల్యాప్‌టాప్ మీద ఇది ఇబ్బంది కాదు. లక్షల్లో ఉంటే ఒక ఉపాయం ఉంది. 64 బిట్లను ఎనిమిదేసి బిట్ల ఎనిమిది ముక్కలు చేయండి. రెండు ఆనవాళ్ల దూరం 7 లేదా అంతకు తక్కువ అయితే, ఏడు తేడాలు ఎనిమిది ముక్కల్లోనూ పడలేవు కాబట్టి కనీసం ఒక ముక్క అయినా అచ్చంగా ఒకటే ఉండి తీరుతుంది. ఆ ముక్క కలిసినవాటిని మాత్రమే పూర్తిగా పోల్చితే చాలు, దూరం 7 లోపు ఉన్న ఏ జంటా తప్పిపోదు.

అసలు చిక్కు వేగం దగ్గర కాదు, గుంపులు కట్టే దగ్గర వస్తుంది. మా మిత్రుడొకరు లేపాక్షి నంది చుట్టూ నడుస్తూ నాలుగేసి అడుగులకు ఒక ఫోటో తీశారు. మొదటిది రెండవదానికి దగ్గర, రెండవది మూడవదానికి దగ్గర, అలా చేయీ చేయీ పట్టుకున్నట్లు పోతే ముఖం ఎదురుగా ఉన్న ఫోటో, తోక వైపు నుంచి తీసిన ఫోటో ఒకే గుంపులో చేరాయి. ఆ రెంటికీ నేరుగా దూరం తీస్తే ముప్పైకి పైనే ఉంది. కాబట్టి గుంపు కట్టేటప్పుడు ఒక ఫోటోను నడిమిదిగా ఎంచి, దానికి నేరుగా హద్దులోపు ఉన్నవాటినే చేర్చుకోవాలి, స్నేహితుడి స్నేహితుణ్ణి లోపలికి రానీయకూడదు. నడిమిదిగా దేన్ని ఎంచాలంటే, ఎక్కువ పిక్సెళ్లు ఉండి, ఎగ్జిఫ్‌లో తేదీ, కెమెరా వివరాలు చెదరకుండా ఉన్నదాన్ని.

కంటికి తెలిసేవి, హాష్‌కు తెలియనివి

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మా బావమరిది తన డిజైన్ల ఫోటోలలో పాతవేవో కొత్తవేవో విడదీసి ఇమ్మని అడిగితే ఈ పద్ధతినే నడిపాను. తేలిన జంటలు చూపించగానే అతను తల అడ్డంగా ఊపాడు. "ఇది కాదు బావా, ఇది మిరపపండు ఎరుపు, అది చిలకపచ్చ. అంచు ఒకటే అయినంత మాత్రాన చీర ఒకటే అవుతుందా? మా కొట్టుకొచ్చే వాళ్లు ముందు అడిగేది రంగే" అన్నాడు. అతని మాట నిజం. హాష్ మొదట చేసే పని రంగును తీసివేయడమే. ఎరుపును 0.299, ఆకుపచ్చను 0.587, నీలాన్ని 0.114 వంతున కలిపి ఒకే వెలుగుగా మారుస్తుంది, ఆ పైన పక్క పిక్సెళ్ల పోలిక మాత్రమే చూస్తుంది. నేత చీకటిగా, జరీ అంచు వెలుగుగా ఉన్నంతవరకు నేత ఏ రంగుదైనా దానికి ఒకటే. ఆ చీరలకు ఫోటోను నాలుగు బై నాలుగు గళ్లుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలో సగటు రంగును వేరుగా దాచి, హాష్ దగ్గరగా ఉన్న జంటలను మళ్లీ ఆ రంగులతో పోల్చాల్సి వచ్చింది. ఆ తర్వాత అతనికి అక్కరకొచ్చే జాబితా తేలింది.

అంచులు కత్తిరించిన ఫోటో, చుట్టూ తెల్ల చట్రం కట్టిన ఫోటో, అద్దంలోలా ఎడమ కుడి మార్చిన ఫోటో కూడా ఈ హాష్‌లకు చిక్కవు. అద్దపు ప్రతి సంగతి సులువు; ప్రతి ఫోటోకు తిప్పిన రూపం హాష్ కూడా తీసి పెట్టుకుంటే సరిపోతుంది. స్క్రీన్‌షాట్‌లలో పైనా కిందా ఉండే నల్ల పట్టీలను ముందే కత్తిరించివేయాలి. బాగా కత్తిరించిన ఫోటోలకు మాత్రం బొమ్మలోని మూలలను, అంచులను పట్టి పోల్చే వేరే పద్ధతులు కావాలి, ఈ దారిలో వాటిని పట్టుకోవాలని ప్రయత్నించి సమయం పోగొట్టుకోవద్దు.

శాసనాల దగ్గర మరీ జాగ్రత్త అవసరం. శాసనం మీద తడి కాగితం పరిచి, నల్ల సిరా అద్ది తీసిన ప్రతులన్నీ నల్లని కాగితం మీద తెల్లని అక్షరాలుగానే ఉంటాయి. కుదించేసరికి అక్షరాలన్నీ కలిసి బూడిదరంగు చాపలా అవుతాయి. ఒక శాసనపు ప్రతి, దానితో ఏ సంబంధమూ లేని మరొక శాసనపు ప్రతి 64 బిట్లలో పక్కపక్కన వచ్చి నిలుస్తాయి. చేతిరాత కాగితాలకు, అచ్చు పుస్తకాల పేజీలకు కూడా ఇదే గతి. మేము వీటికి హాష్ కొలతను 16 బై 16కు పెంచి 256 బిట్లు తీసుకుంటున్నాము. దానివల్ల తప్పులు తగ్గాయి కానీ పోలేదు, అందుకే శాసనాల ఫోల్డర్‌లో హద్దును చాలా తక్కువగా ఉంచి, తేలిన ప్రతి జంటనూ మాలో ఒకరు అక్షరాలు చదివి చూస్తారు.

చివరగా దాచుకునే విధానం. ప్రతి ఫోటోకు ఫైలు దారి, షా-256, డీహాష్, పీహాష్, వెడల్పు, ఎత్తు, తీసిన తేదీ, ఎవరిచ్చారన్నది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పట్టికలో ఒక్కొక్క వరుసగా రాసుకుంటాము. ప్రతి అని తేలినదాన్ని తుడిచివేయకుండా ‘ప్రతులు’ అనే ఫోల్డర్‌లోకి జరిపి, అది ఏ ఫోటోకు ప్రతి, దూరం ఎంత, చూసి తేల్చింది ఎవరు అన్న మూడు సంగతులనూ అదే పట్టికలో చేరుస్తాము. కొత్తగా ఎవరైనా ఫోటోలు ఇచ్చినప్పుడు, వాటిని సేకరణలో కలపడానికి ముందే హాష్ తీసి పట్టికతో పోలుస్తాము. ఉన్నదానికంటే మంచి ప్రతి వచ్చిందని తేలితే కొత్తది ముందుకు వస్తుంది, పాతది ‘ప్రతులు’లోకి పోతుంది, ఇచ్చినవారి పేర్లు మాత్రం రెండింటి పక్కనా ఉంటాయి.